సార్దిస్ సమాధుల్లోని రాతి ముద్రలు

జమీందారీ రోజుల్లో మా విజయనగరం వైపు, కొలత పూర్తయ్యేదాకా కళ్లంలోని ధాన్యపు రాశి మీద తడిమట్టితో ముద్రలు వేయించేవారని పెద్దలు చెప్పేవారు. ముద్ర చెదిరితే రాశి మీద ఎవరిదో చేయి పడిందన్నమాటే. దాదాపు రెండున్నర వేల ఏళ్ల కిందట, నేటి టర్కీ పశ్చిమ భాగంలో ఉండిన లిడియా దేశంలో చిన్న చిన్న రాతి ముద్రలు చేసిన పని కూడా ఇటువంటిదే.

లిడియా రాజధాని సార్దిస్ క్రీ.పూ. 546 ప్రాంతంలో పారశీక చక్రవర్తి సైరస్ వశమైంది. ఆ తరువాతి కాలపు సమాధుల్లో దొరికిన ముద్రల్లో, లేత నీలపు చాల్సెడొనీ రాతితో చేసినవి నాకు మరీ ఇష్టం. ఎనిమిది పలకలతో పైకి సన్నబడిన ఆ రాయి పిడికిట్లో కనిపించకుండా ఇమిడిపోతుంది. కొన దగ్గర అడ్డంగా బెజ్జం ఉంటుంది. దానికి వెండి కొక్కెం తగిలించేవారు, కొన్ని కొక్కేల కొసలను బాతుతల ఆకారంలో మలిచారు. కాస్త ఉబ్బెత్తుగా ఉండే అడుగు ముఖం మీద సింహంతో తలపడే కిరీటధారియో, రెక్కల సింహమో ఉంటుంది. ఈ రాయి మీద మామూలు కత్తితో గీత పడదు కనుక, శిల్పి కురువిందమనే గట్టి ఖనిజపు పొడి చల్లి, బరమాతో కొద్దికొద్దిగా తొలుస్తూ, కుడిని ఎడమగా, లోతును ఎత్తుగా మనసులో తిప్పుకుంటూ పని చేయవలసి వచ్చేది. కొన్నింటి మీద లిడియా లిపిలో యజమాని పేరు కూడా ఉంది. 'నేను మానెస్ సొత్తును' అని ముద్రే చెప్పుకుంటుంది.

పేరు లేనివాటి సంగతే కష్టం. మన శ్రీకాకుళం ప్రాంతంలో బయటపడిన తూర్పు గాంగుల రాగిరేకులకు కడియంతో పాటు నంది ముద్ర ఉంటుంది. అది ఎవరిదో రేకుల మీది శాసనమే చెబుతుంది. లిడియా ముద్రకు ఆ తోడు లేదు, అది ఏ అస్థికల పక్కన, ఏ పాత్రల మధ్య ఉన్నదన్నదే దాని చిరునామా. ఆ చిరునామా చాలావాటికి పోయింది. 1910-14 మధ్య పురావస్తు పరిశోధకుడు బట్లర్ నాయకత్వంలో అమెరికన్లు సార్దిస్‌లో వెయ్యికి పైగా సమాధులు తెరిస్తే, అత్యధికం అప్పటికే దోచుకున్నవి.

1960లలో పూర్వపు లిడియాలోని ఉషాక్ పట్టణం దగ్గరి సమాధులను కొల్లగొట్టినవారు అమ్మిన సొత్తు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. టర్కీ 1987లో దావా వేసి, 1993లో దానిని వెనక్కి తెచ్చుకుంది. అయితే ఏ వస్తువు ఏ సమాధిలోనిదో తేల్చుకోవడానికి పండితులు చివరికి ఆ దొంగల మాటలనే ఆశ్రయించవలసి వచ్చింది.