సెల్ఫ్ కొట్టగానే వచ్చే నాలుగు సెకన్ల మోత

కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో మార్గశిరం వచ్చిందంటే వేకువజామున బండి స్టార్టు చేయడమే ఒక పరీక్ష. మాది కూరగాయల రవాణా. గోబీ, అల్లం బస్తాలు ఎక్కించుకుని, పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి దాటి, ఘాట్ దిగి, పొద్దెక్కకుండా సాలూరు మీదుగా విజయనగరం చేరుకోవాలి. 1,40,000 కిలోమీటర్లు తిరిగిన నా డీజిల్ పికప్ కిందటి చలికాలంలో సెల్ఫ్ కొట్టగానే, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు మూడు నాలుగు సెకన్లు మోగి, ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు సర్దుకోవడం మొదలుపెట్టింది.

మొదట చూపించిన షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తకుండానే “ఇంజన్ పనైపోనాది బాబూ, హాఫ్ ఇంజన్ చెయ్యాల” అని తేల్చేశాడు. అంటే ఇంజన్ విప్పి పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చడం. బండి నీలం పొగ వదలడం లేదు, ఆయిల్ తాగడం లేదు, తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడూ తగ్గలేదు. అలాంటప్పుడు పిస్టన్ల దాకా ఎందుకు పోవాలో నాకు బోధపడక, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక వారం ఆగి వినాలని నిశ్చయించుకున్నాను.

ఆ వారమంతా జమాఖర్చుల పుస్తకం చివరి పేజీలో మోత ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఉందో రాసుకున్నాను. రాత్రంతా ఆపి ఉంచిన బండి మాత్రమే మోగేది; విజయనగరంలో సరుకు దింపి రెండు గంటలు ఆపినా, తిరిగి స్టార్టు చేసేటప్పుడు చప్పుడు ఉండేది కాదు. సెల్ఫ్ మోటారు పళ్లు అరిగితే ఇంజన్ అందుకోకముందే గీరుకుపోతున్నట్టు వినిపించాలి, సైలెన్సర్ వైపు గాస్కెట్ లీకైతే ఇనుము వేడెక్కేదాకా నిమిషాల తరబడి టిక్కుటిక్కుమనాలి, కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోతే బరువు లాగేటప్పుడు దబదబమని మోగాలి. నా బండిలో అవేవీ కావు. డాష్‌బోర్డు మీది ఎర్రని ఆయిల్ లైటు ఆరిన క్షణంలోనే మోత కూడా ఆగిపోతోందని నాలుగో రోజున గమనించాను. అంటే ఆయిల్ పైదాకా అందడం ఆలస్యమవుతోంది, అందేదాకా ఏదో వదులుగా కొట్టుకుంటోంది.

ఆయిల్ మట్టం సరిగానే ఉంది. అనుమానం ఫిల్టరు మీదికి పోయింది. నా బండిలో అది అడ్డంగా బిగించి ఉంటుంది, కనుక ఇంజన్ ఆపాక లోపలి ఆయిల్ వెనక్కు కారిపోకుండా ఒక రబ్బరు మూత ఆపాలి. కిందటిసారి చౌకగా దొరికిందని వేయించిన ఫిల్టరును విప్పి, రేకు కత్తిరించి చూస్తే, ఆ రబ్బరు ఎండు చింతతొక్కులా బిర్రబిగిసి వంకర తిరిగి ఉంది. దాని స్థానంలో కంపెనీ ఫిల్టరు, దానితో పాటు 15డబ్ల్యు-40 ఆయిల్ కొత్తది వేయించాక లైటు తొందరగా ఆరసాగింది, మోత నాలుగు సెకన్ల నుంచి ఒకటిన్నరకు దిగింది. దిగింది గానీ పోలేదు.

మిగిలిన చప్పుడు డైనమోదా, ఇంజన్‌దా అని తేల్చడానికి ఒక ఉదయం ఫ్యాన్ బెల్టు తీసేసి స్టార్టు చేశాను. ఇది అర నిమిషానికి మించి చేయకూడదు, ఎందుకంటే నా బండిలో నీళ్ల పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది. పైగా బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది కనుక బండిని అంగుళం కూడా కదపరాదు. బెల్టు లేకున్నా మోత వచ్చింది. మరునాడు బెల్టు తిరిగి వేసి, చలికి చుట్టుకున్న మఫ్లరు విప్పి పక్కన పడేసి (ఫ్యాను దగ్గర వంగేవాడికి అది ఉరితాడు), పొడవాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, మొనను ఒక్కోచోట పెట్టి వింటూ ఉంటే మా తమ్ముడు సెల్ఫ్ కొట్టాడు. వాల్వు కవరు మీద కంటే ముందువైపు టైమింగ్ కవరు (వాల్వులను పిస్టన్లతో జతగా నడిపే చైను దీని వెనకే ఉంటుంది) మీద చప్పుడు స్పష్టంగా వినిపించింది.

సాలూరు లారీల ఊరు. అక్కడి పెద్దమేస్త్రి ఒకాయన నా పుస్తకం చదివి నవ్వలేదు; ఆయిల్ లైటు స్విచ్ విప్పి ఆ రంధ్రానికి ఆయిల్ ఒత్తిడి కొలిచే గేజి బిగించారు. ఇంజన్ వేడెక్కాక ఐడిలింగులో కిలోన్నర చూపించింది. పంపు, బేరింగులు బాగున్నాయని, హాఫ్ ఇంజన్ మాట మరిచిపొమ్మని అన్నారు. ఆ చైను టెన్షనర్ విప్పితే దాని పుల్ల దాదాపు చివరిదాకా బయటికి వచ్చి ఉంది. చైన్ లింకులు అరిగి సాగినకొద్దీ ఆ వదులును లాగి పట్టవలసిన పుల్ల అది. ఆయిల్ ఒత్తిడి వచ్చేదాకా దానికి బలం చాలదు, ఆ వ్యవధిలో చైను కవరుకు కొట్టుకుంటుంది. ఇంకొంత సాగి చైను పళ్లచక్రం మీద ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయని ఆయన చెప్పినప్పుడు, అలాంటి బండితోనే రోజూ ఘాట్ దిగానని తలచుకుని నాకు చెమట పట్టింది.

చైను, గైడ్లు, టెన్షనర్, ముందు సీలు అన్నీ ఒకేసారి మార్చడానికి రెండు రోజులు పట్టింది. తాళం నాకివ్వకుండా, స్పానరుతో చేత్తో ఇంజన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, టైమింగ్ గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకున్నాకనే మేస్త్రి స్టార్టు చేయనిచ్చారు.

ఇప్పుడు మోత లేదు. చలి గట్టిగా ఉన్న రోజున మొదటి నిమిషం డీజిల్ ఇంజన్‌కు సహజమైన టకటక మాత్రం కొంచెం ఎక్కువగానే వినిపిస్తోంది. చలిలో స్టార్టుకు ముందు ఇంజన్ లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులను మీటరుతో చూస్తే మూడోది పనిచేయడం లేదు. కొత్తది చెప్పి ఉంచాను, వచ్చే ట్రిప్పులో సాలూరులో తీసుకోవాలి.