చీకటి పడ్డాక చిన్న కెమెరా

చెన్నై మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి కోనేటి గట్టున రాత్రి ఏడున్నరకి నిలబడి, చిన్న డిజిటల్ కెమెరాని గోపురం వైపు తిప్పి బటన్ నొక్కితే మామూలుగా వచ్చే ఫోటో ఇలా ఉంటుంది: ఆకాశం నిండా రంగుల ఇసుక చల్లినట్టు చుక్కలు, దీపాలున్న చోట తెల్లటి ముద్దలు, గోపురం మీది బొమ్మలన్నీ తడిచేత్తో అలికేసినట్టు. కెమెరా పాతది, రాత్రిళ్లు పనికిరాదు అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అదే కెమెరాని గట్టు మీద ఆనించి, రెండు మూడు సెట్టింగులు మార్చి, ఒక గంట ముందు తీసి ఉంటే ఆ బొమ్మలు దేనికది విడిగా కనిపించేవి.

ఈ కెమెరాల్లో వెలుగుని పట్టే సెన్సర్ చాలా చిన్నది. ఎక్కువ వాటిలో 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు, అంతే. సన్నటి తుంపరలో చెంబు నిండాలంటే దాన్ని ఎక్కువసేపు బయట ఉంచాలి. ఆటో మోడ్ అలా ఆగదు. చెయ్యి వణుకుతుందని లెక్కవేసుకుని, వెలుగుని లోపలికి వదిలే తలుపుని, అంటే షట్టర్‌ని తొందరగా మూసేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓని 800కో 1600కో పెంచుతుంది. అంటే అందిన కాస్త సంకేతాన్నీ హెచ్చించి చూపిస్తుంది. దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది, అదే నాయిస్, ఆకాశంలో కనిపించిన ఆ రంగు చుక్కలు. ఆ నాయిస్‌ని దాచడానికి కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ ఫోటో అంతా నునుపు చేస్తుంది. బొమ్మలు అలికినట్టు కనిపించడం దీనివల్లే.

అందుకే మొదటి పని ఐఎస్ఓని ఆటో నుంచి తప్పించడం. పూర్తి ఆటో మోడ్‌లో ఆ ఐచ్ఛికమే కనబడదు. డయల్‌నో మెనూనో 'పీ' అనే ప్రోగ్రామ్ మోడ్‌కి తిప్పితే కనబడుతుంది. స్టాండ్ మీద పెట్టి తీసేటప్పుడు 100, చేత్తో పట్టుకుని తీయక తప్పనప్పుడు 400. చిన్న కెమెరాల్లో చాలావాటిలో 800 దాటాక ఫోన్ తెరకి తప్ప దేనికీ పనికొచ్చే ఫోటో రాదు.

రెండోది జూమ్. లెన్స్ చుట్టూ ఉన్న అంకెలు ఒకసారి చదవండి. 1:2.8-5.9 లాంటిది ఉంటుంది. ఇందులో 2.8 జూమ్ చేయనప్పటిది, 5.9 పూర్తిగా లాగినప్పటిది. 2.8 నుంచి 5.9కి వెళ్తే లోపలికొచ్చే వెలుగు సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది. అర సెకనులో అయ్యే ఫోటోకి రెండు సెకన్లు కావాలి. పైగా జూమ్‌లో చేతి వణుకు కూడా పెద్దదిగా కనబడుతుంది. రాత్రిపూట జూమ్ చేయకండి, నాలుగడుగులు ముందుకి వెయ్యండి.

ఇక ఎంతసేపు తెరిచి ఉంచాలి? జూమ్ చేయకుండా, ఐఎస్ఓ 100 పెట్టుకుంటే, టీ నగర్‌లో బాగా వెలిగే షాపుల వీధికి సెకనులో పదిహేనో వంతు దగ్గర మొదలుపెట్టొచ్చు. ఫ్లడ్‌లైట్లు వేసిన కట్టడానికి, అది గోపురమైనా సెంట్రల్ స్టేషన్ గడియారం మేడయినా, పావు నుంచి అర సెకను. దీపం ముందు కూర్చున్న మనిషికి ఒక సెకను. దీపాలకి దూరంగా మెరీనా బీచ్ ఇసుకలో నిలబడి తెల్లవారకముందు సముద్రాన్ని తీస్తే 8 నుంచి 15 సెకన్లు. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, మొదటి ఫోటో చూసుకుని సర్దుకోవాలి.

పీ మోడ్‌లో చాలా కెమెరాలు ఒక సెకను దాటి ఆగవు. కెనాన్ పవర్‌షాట్ చిన్న మోడళ్లలో చాలావాటికి 'లాంగ్ షట్టర్' అని వేరే మోడ్ ఉంది, 1 నుంచి 15 సెకన్ల దాకా మీరే ఎంచుకోవచ్చు. నికాన్ కూల్‌పిక్స్‌లో అది లేకపోతే సీన్ మోడ్లలో బాణసంచా గుర్తు వెతకండి. అది షట్టర్‌ని 4 సెకన్ల దగ్గర కట్టేస్తుంది. ఆ పేరు చూసి దీపావళికే అనుకోవద్దు, రోడ్డు మీద బస్సుల లైట్లు గీతలుగా రావడానికి సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచే పొడవాటి ఎక్స్‌పోజర్ తర్వాత కెమెరా కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. 15 సెకన్లు తీస్తే దాదాపు ఇంకో 15 సెకన్లు. హ్యాంగ్ అయిందని ఆఫ్ చేసేయకండి. షట్టర్ మూసి అంతేసేపు ఇంకో చీకటి ఫోటో తీసుకుని, అందులో కనిపించిన చుక్కల్ని మొదటి దాంట్లోంచి తీసేస్తుంటుంది.

కెమెరాని కదలకుండా నిలపడానికి ట్రైపాడ్ మంచిదే, కానీ రద్దీ చోట్ల కాపలావాళ్లు అభ్యంతరం చెప్తారు, జనం కాళ్లకి తగులుతుంది. దానికంటే ఒక చిన్న సంచి మేలు. మందపాటి కాటన్ గుడ్డతో జానెడు సంచి కుట్టి, అందులో పెసలు పోసి మూతి కుట్టేయండి. ముప్పావు వంతే నింపాలి. నిండా నింపితే రాయిలా బిగుసుకుపోయి కెమెరా జారుతుంది. కాస్త వదులుగా ఉంటే కెమెరా అందులోకి కుదురుకుంటుంది, గోపురం వైపు ముక్కు ఎత్తి పెట్టినా నిలుస్తుంది. బియ్యమైనా పోయొచ్చు, కాకపోతే ఏది పోసినా చెన్నై ఉక్కకి పురుగు పడుతుంది, రెండు నెలలకోసారి మార్చాలి.

సంచి మీద పెట్టినా, వేలితో బటన్ నొక్కినప్పుడు కెమెరా అదురుతుంది. సెల్ఫ్ టైమర్ 2 సెకన్లకి పెట్టి, నొక్కి, చెయ్యి తీసేయండి. సన్నకాళ్ల ట్రైపాడ్ అయితే 10 సెకన్లు. చేతి వణుకుని సర్దే ఇమేజ్ స్టెబిలైజర్ ఆపేయాలి. కదలిక లేనిచోట అది కదలిక వెతుక్కుంటూ తనే వణికిస్తుంది. నిలబడే చోటు కూడా చూసుకోండి. మాంబళం స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండు దాకా 2023లో తెరిచిన స్కైవాక్ లాంటి నడకవంతెనల మీద జనం నడిచేకొద్దీ నేల అదురుతుంది, ఫోటోలో ప్రతి దీపమూ రెండుగా పడుతుంది. స్తంభం మీదికి వచ్చే చోట నిలబడి, గుంపు దాటిపోయేదాకా ఆగాలి.

రాత్రి ఫోటో అంటాం గానీ, మంచి రాత్రి ఫోటోలు చాలావరకు రాత్రివి కావు. సూర్యుడు దిగాక పావుగంట నుంచి మరో పది నిమిషాల వరకు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. అప్పటికి వీధిదీపాలు వెలుగుతాయి. ఆకాశం వెలుగూ దీపాల వెలుగూ దగ్గరదగ్గరగా ఉండేది ఆ కాసేపే. తర్వాత ఆకాశం నల్లబడుతుంది, కెమెరా దాన్ని చుక్కలతో నింపుతుంది. చెన్నై 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది, సూర్యుడు దాదాపు నిటారుగా దిగిపోతాడు, కాబట్టి ఈ గడువు పొట్టిది. అస్తమయం నవంబరు చివర్లో దాదాపు 5:40కి, జూలై మొదట్లో 6:40కి. అందుకే కెమెరా సర్దుకోవడం అంతా ముందే అయిపోవాలి.

దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. కోనేటి పడమటి గట్టు నుంచి చూస్తే గోపురం వెనక ఉండేది తూర్పు ఆకాశం, అది ముందు చీకటి పడుతుంది. అక్కడ ఇంకో ఐదు నిమిషాలు ముందే మొదలుపెట్టాలి. మెరీనాలో సాయంత్రం సముద్రం వైపు తీస్తే ఏమీ రాదు. వెనక్కి తిరిగి, ఇసుకలోంచి లైట్‌హౌస్ వైపు తీయండి, పడమటి వెలుగు దాని వెనక ఉంటుంది. సముద్రం కావాలంటే తెల్లవారుజామునే రావాలి. 4 సెకన్లకి అలలు పొగమంచులా పరుచుకుంటాయి.

ఈ ఊళ్లో రాత్రి ఫోటోల్ని అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది వెలుగు తక్కువవడం కాదు, తేమ. 22 డిగ్రీల ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసుకి పట్టినట్టే లెన్స్‌కి నీటి పొర పడుతుంది. చిన్న తెర మీద అది తెలియదు. ఇంటికొచ్చి చూస్తే ప్రతి దీపం చుట్టూ పాలమీగడలాంటి వలయం. ఏసీలో ఉండగానే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికొచ్చాక అరగంట అలాగే ఉంచితే తేమ కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. అప్పటికే పట్టేస్తే తుడవకండి, ఆరనివ్వండి. తుడిస్తే జిడ్డుగా పరుచుకుంటుంది, కాసేపటికి మళ్లీ పడుతుంది.

మెరీనా, బెసెంట్ నగర్ బీచ్‌లలో అయితే ఉప్పు తుంపర లెన్స్ మీద ఎండి తెల్లటి పొరవుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు గాలిబుడ్డితో ఊది, డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో అద్దాలి. గాలి ఎక్కువగా ఉంటే లెన్స్ బయటికి పెట్టి తిరగొద్దు. లోపలికీ బయటికీ జరిగే ఆ గొట్టంలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే తెర మీద 'లెన్స్ ఎర్రర్' వస్తుంది. ఈ కెమెరాలు మూలపడటానికి మామూలు కారణం అదే, రిపేరు ఖర్చు కెమెరా ధరని దాటిపోతుంది.

ఫోకస్ గురించి. చీకట్లో కెమెరా ముందుకీ వెనక్కీ తడుముకుని చివరికి తప్పు చోట ఆగుతుంది. మీరు తీయాలనుకున్న దూరంలోనే, వెలుగూ నీడా కలిసే ఒక అంచుని చూసుకోండి, గోపురం మీది దీపాల వరుసో, నేమ్‌బోర్డు అక్షరాలో. బటన్ సగం నొక్కి, పచ్చ గడి వచ్చాక ఫ్రేము సర్దుకుని పూర్తిగా నొక్కాలి. దూరంగా ఉన్నవైతే కొండ గుర్తున్న మోడ్ పెడితే సరిపోతుంది.

నల్లటి ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేములో కెమెరా దాన్నంతా బూడిదరంగు చేయాలని చూస్తుంది, దీపాలు తెల్లగా మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1 పెట్టండి. తెరని మాత్రం నమ్మొద్దు. చీకట్లో అది ఎంత మసక ఫోటోనైనా కాంతిగా చూపిస్తుంది. తెర వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) ఉంటే అది చూసుకోండి.

మనిషిని గోపురం ముందు నిలబెట్టి తీయాలంటే చంద్రుడూ మనిషీ ఉన్న గుర్తు, నైట్ పోర్ట్రెయిట్. ముందు ఫ్లాష్ మనిషి మీద పడుతుంది, తర్వాత షట్టర్ వెనకున్న దీపాల కోసం తెరిచే ఉంటుంది. ఫ్లాష్ వెలగ్గానే ఫోటో అయిపోయిందనుకుని అందరూ కదిలేస్తారు, ముఖం పక్కన దయ్యంలాంటి నీడ పడుతుంది. "నేను చెప్పేదాకా కదలకండి" అని ముందే చెప్పాలి. ఈ ఫ్లాష్ మూడు మీటర్లు దాటి పెద్దగా పనిచేయదు, గోపురం మీదికి వేయడం బ్యాటరీ దండగ.

దీపాల రంగుకి ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా తనంతట తనే రంగుల్ని సరిచేసే సెట్టింగు, పనికిరాదు. నూనెదీపపు పసుపుని తప్పనుకుని తెల్లగా మార్చేస్తుంది. ఎండ గుర్తు పెట్టండి, దీపం దీపంలాగే ఉంటుంది. పాత సోడియం వీధిదీపాల కింద మాత్రం ఏ సెట్టింగూ రంగుల్ని సరిచేయలేదు, ఎందుకంటే ఆ వెలుగులో పసుపు తప్ప మిగతా రంగులు తక్కువ. అక్కడ తీసినవాటిని నలుపు తెలుపుకి మార్చేయడమే నాకు నచ్చుతుంది.

ఇదంతా సాధన చేయడానికి ధనుర్మాసం ముగ్గు కంటే మంచి పాఠం లేదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా మైలాపూర్, ట్రిప్లికేన్ వీధుల్లో తెల్లవారకముందే ముగ్గులు పడతాయి, అవి కదలవు, మీకు కావలసినంత సమయం ఉంటుంది. ఇంటివాళ్లని అడిగి, 5:45 ప్రాంతంలో మొదలుపెట్టండి. తడినేల నల్లగా, పిండి తెల్లగా ఉంటుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ మూడింట రెండు. ఫ్లాష్ వద్దు, తడినేల మీంచి తిరిగొచ్చి ముగ్గు మధ్యలో తెల్లటి మరక వేస్తుంది. కెమెరాని మెట్టు మీద సంచిలో కుదుర్చుకుని, ఐఎస్ఓ 100లో కదపకుండా వరుసగా నాలుగు ఫోటోలు తీయండి. ఇంటికొచ్చి కంప్యూటర్లో జింప్ అనే ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్‌లో నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, కింది నుంచి ఒపాసిటీ (ఆ పొర ఎంత శాతం కనబడాలన్నది) 100, 50, 33, 25 ఇవ్వండి. నాలుగూ సమానంగా కలుస్తాయి, నాయిస్ సగానికి తగ్గుతుంది. గొబ్బెమ్మ మీది గుమ్మడిపువ్వు అంచుల దగ్గర ఆ తేడా ముందుగా కనబడుతుంది.