కొండ కుడిచేతి వైపు

మా మేనత్త సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ ఇప్పటికి పదిహేనుసార్లు చేసింది. ఈ ఏడు మోకాళ్లు మాట వినడం లేదని నన్ను తోడు రమ్మంది. నేను పుట్టి పెరిగింది విశాఖలోనే. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు మా వీధి చివర నిలబడి నడిచేవాళ్లకు నీళ్ల ప్యాకెట్లు అందించినవాణ్నే గానీ, ఆ 32 కిలోమీటర్లు ఎప్పుడూ నడవలేదు.

మధ్యాహ్నం కొండ దిగువన తొలిపావంచా, అంటే కొండెక్కే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టాం. కాయలు పగిలే చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. కాళ్లకింద కొబ్బరినీళ్లు కాలవ కట్టాయి. అత్త ఒక చెక్కను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. చెప్పులు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాం.

"కొండ నీ కుడిచేతి వైపు ఉండాల చిన్నా. ఇంక దారి అడగక్కర్లేదు," అంది.

అడవివరం దాటేసరికి ఎండ ముదిరింది. ఆషాఢం కదా, మబ్బు పడుతుందని ధీమాగా ఉన్నాం. పడలేదు. తారు చురుక్కుమంటోంది. అత్త నన్ను రోడ్డు అంచుకు లాగి తెల్లగీత మీద నడవమంది. జానెడు కూడా ఉండదు ఆ గీత. దాని మీద కాలు పెట్టగానే తెలిసిపోయింది: రంగు వేసినచోట వేడి తక్కువ, నున్నగానూ ఉంటుంది. తలెత్తి చూస్తే ముందున్నవాళ్లంతా దాని మీదే, చీమలబారులా ఒకరి వెనక ఒకరు. ఇన్నేళ్లు బండి మీద తిరిగాను, ఆ గీత ఇందుకు పనికొస్తుందని నాకు తట్టలేదు. ముడసర్లోవ వైపు ఒకావిడ ఇంటి కుళాయికి పైపు తగిలించి, మేం అడుగు వేయబోయేచోట రోడ్డు తడుపుతోంది. ఒక పది గజాల మేర ప్రాణం లేచొచ్చింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ," అంది అత్త.

హనుమంతవాక జంక్షన్లో హైవే దాటుతుంటే నా మడమలో గాజుపెంకు దిగింది. మెడికల్ క్యాంపులో కుర్రాడెవరో నా కాలు తన ఒళ్లో పెట్టుకుని పెంకు తీసి కట్టు కట్టాడు. దుమ్ము పట్టిన కాలు, చీదరించుకోలేదు. వెళ్లబోతుంటే వంగి నా పాదానికి దండం పెట్టాడు. ఆ రోజు నడిచేవాళ్లను అలాగే చూస్తారట. నాకు గొంతు పట్టేసింది.

విశాలాక్షినగర్ మీంచి జోడుగుళ్లపాలెం వైపు దిగుతుంటే గాలి మారింది. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం. కట్టు విప్పి నీళ్లలో దిగితే ఉప్పు తగిలి మడమ భగ్గుమంది. అత్త నా భుజం పట్టుకుని మూడు మునకలు వేసింది. చీకటి పడుతోంది. గోవింద నామం ఒడ్డు పొడుగునా వినిపిస్తూనే ఉంది.

అక్కణ్నుంచి ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార. నిజం చెప్పాలంటే ఇదే కష్టమైన భాగం. అప్పటిదాకా కుడిపక్కన కనిపించిన కొండ అపార్టుమెంట్ల వెనక్కి పోయింది. మా ఆఫీసు ఆ దారిలోనే. రోజూ స్కూటరు మీద పది నిమిషాల్లో దాటే రోడ్డుకు అంత ఎత్తు ఉందని ఆ రాత్రే నా పిక్కలకు తెలిసింది. మా ఆఫీసు గేటు దగ్గర కూర్చుండిపోయాను.

"కొండ కనిపించట్లేదు అత్తా. దేని చుట్టూ తిరుగుతున్నామో తెలీట్లేదు."

"స్వామి మాత్రం కనిపిస్తన్నాడేటి? ఏడాదంతా చందనంలోనే కదా ఉంటాడు. లే."

లేచాను. అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియ నాడే. ఆ రాత్రి నుంచే మళ్లీ చందనం పూత మొదలవుతుంది. ఆ రోజు ఒక విడత, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఒక్కోటి. విడతకు మూడు మణుగులు. మేం నడుస్తున్న రాత్రికి తెల్లవారితే ఆషాఢ పౌర్ణమి, ఆఖరి విడత. మేం కింద చుట్టు పూర్తిచేసే వేళకి పైన స్వామి పూర్తిగా చందనంలోకి వెళ్లిపోతాడన్నమాట. ఆ ఆలోచన నన్ను కైలాసపురం దాకా నడిపించింది.

దారి పొడుగునా పులిహోర, మజ్జిగ, అరటిపళ్లు. వద్దన్నా చేతిలో పెట్టేస్తారు. మాధవధారలో ఆడపిల్లలు అత్తను కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్లకు నొప్పుల స్ప్రే కొట్టారు. వాళ్లకు ఆవిడ ఎవరో తెలీదు. "మామ్మా, ఇంకొంచెమే," అని ఒకమ్మాయి వీధి చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. అక్కడ మళ్లీ కొండ కనిపించింది, చీకట్లో నల్లగా, కుడిచేతి వైపే.

మురళీనగర్, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం పెద్దగా గుర్తులేవు. వాన పడిందని మాత్రం గుర్తుంది. తడిసిన తారు పాదాలకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పాత గోశాల దగ్గరికి వచ్చేసరికి అత్త మాట్లాడటం మానేసింది. నా మణికట్టు పట్టుకుని, పెదాలు కదుపుతూ నడిచింది.

తొలిపావంచా చేరేసరికి మూడు కావస్తోంది. మెట్టుకు నుదురు ఆనించి అత్త చాలాసేపు లేవలేదు. లేచాక అక్కడే ఓ పక్కగా కూర్చుని సంచిలోంచి గుడ్డ మూట తీసింది. మధ్యాహ్నం కొట్టిన కొబ్బరిచెక్క. దాన్ని మెట్టు అంచుకు కొట్టి, పెద్దముక్క నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తిను," అంది.