ఉద్యోగం రొట్టె ఎక్కడిస్తారు?

మా అత్త తెల్లవారుజామున మూడింటికే లేచి రొట్టెలు చేసింది. గోధుమపిండి, కాస్త నెయ్యి, మడతలో బెల్లం కోరు. మొత్తం పదకొండు. అన్నెందుకత్తా అంటే, "ఒకటి నేను ఇయ్యాల్సింది. మిగతావి అడిగినోళ్ళకి" అంది. రెండేళ్ళ కింద రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువులో ముక్కూ మొహం తెలియని ఒకావిడ చేతి నుంచి ఉద్యోగం రొట్టె పట్టుకుంది. కోరుకున్నది దొరికాక మళ్ళీ వచ్చి అదే పేరు రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. మొన్న సంక్రాంతికి అత్త కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వాడు నాలుగు పరీక్షలు రాశాడని, కోచింగుకి అప్పు చేశాడని అత్త దగ్గర ఎత్తకూడదు. ఎత్తితే, "రాస్తే అందరికీ వస్తున్నాయా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒంగోలులో పినాకిని రైలు ఎక్కాం. మాతో పక్కింటి టీచరమ్మ కూడా బయల్దేరింది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నాలుగు తరాలుగా బాప్టిస్టు క్రైస్తవులు. "చూడ్డానికే వస్తున్నా. రొట్టె గిట్టె పట్టను" అని ముందే చెప్పేసింది.

బండి సింగరాయకొండ దాటాక తన ముత్తాత సంగతి ఎత్తింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు క్రైస్తవ మిషన్‌లో పాదిరిగా ఉన్న క్లౌ దొర, జనానికి కూలి దొరుకుతుందని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆ పనితో బతికారు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగినా కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "మా ముత్తాత అందులో ఒకడంట" అంది టీచరమ్మ. అత్త అంతా విని, "అయితే మీరూ నీళ్ళలో దిగినోళ్ళే" అంది.

కావలి దగ్గర పైన సామాన్ల అర మీంచి ఎవరిదో సూట్‌కేసు జారి సరిగ్గా మా సంచి మీద పడింది. డబ్బా మూత తీస్తే పదకొండింట్లో నాలుగే నిండుగా ఉన్నాయి. సంచి అక్కడ పెట్టింది నేనే కాబట్టి నెల్లూరు దాకా తిట్లు కూడా నాకే.

ఆటో దర్గామిట్టలో చాలా ముందే ఆపేశాడు. అక్కడి నుంచి నడక. బారా షహీద్ దర్గా, పక్కనే చెరువు. మొహర్రం నెలలో జరిగే పండగ కాబట్టి మన క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటుంది. ఈసారి జూలై ఎండలో పడింది. బారా షహీద్ అంటే పన్నెండుమంది అమరులు. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగినా, గుర్రాలు వాళ్ళ మొండేలను ఈ చెరువు గట్టు దాకా మోసుకొచ్చాయని ఇక్కడ చెప్పుకుంటారు. రొట్టెల కథ వేరు. చెరువులో బట్టలుతికే చాకలి దంపతులకు అమరులు కలలో కనబడి, తమ సమాధుల మట్టి పూస్తే ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందని చెప్పారట. నవాబుకి కబురు వెళ్ళింది, జబ్బు నయమైంది, ఆయన మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, వెంట తెచ్చుకున్న రొట్టెలు అక్కడున్నవాళ్ళకి పంచాడట. కథలో కల వచ్చింది మౌల్వీకి కాదు, పూజారికి కాదు. అదే నాకు నచ్చింది.

చెరువులో బోర్డులు పాతారు. ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, విదేశీ రొట్టె. ఉద్యోగం బోర్డు దగ్గర తిరునాళ్ళంత జనం. మోకాలి లోతు నీళ్ళలో, తల మీద కొంగు కప్పుకుని, అత్త రొట్టె పైకెత్తి, "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని అరుస్తోంది. బస్టాండులో బత్తాయిలమ్మినట్టే ఉంది. నిమిషం కాకుండానే ఒక చెయ్యి వచ్చింది. గోరింటాకు, మట్టి గాజులు, తడిసిన నల్ల బురఖా అంచు. కర్ణాటక నుంచి వచ్చిందట, తెలుగు రాదు. అత్తకి తెలుగు తప్ప ఏదీ రాదు. "నమ్మకంగా తిను. వచ్చాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇయ్యాల, మర్చిపోమాక" అని చేత్తో ముందుకీ వెనక్కీ చూపించింది. ఆ అమ్మాయి తలూపి, అక్కడే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఇద్దరూ కాసేపు ఒకరి మోచేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి జనం తోస్తే విడిపోయారు.

ఒడ్డున టీచరమ్మ మా ముగ్గురి చెప్పులూ కాపలా కాస్తూ, చాదర్లూ గులాబీలూ అమ్మే ముసలాయనతో మాట్లాడుతోంది. దర్గాల దగ్గర మొక్కడం సరికాదనే ముస్లింలు ఉన్నారు కదా అని అడిగిందట. ఉన్నారమ్మా, మా పెద్దోడే రాడు అన్నాడాయన. "కానీ నీకు కావాలనుకున్నది నీ తమ్ముడికీ కావాలనుకోకపోతే ఈమాన్, అంటే విశ్వాసం, పూర్తి కాదని ప్రవక్త చెప్పారు. ఆ మాట నేనూ ఒప్పుకుంటా, వాడూ ఒప్పుకుంటాడు."

మధ్యాహ్నం రంగనాయకుల గుడికి వెళ్ళాం. దర్శనం తొందరగానే అయింది. పెన్న ఒడ్డున నీడ చూసుకుని కూర్చున్నాం. ఈ ఊళ్ళోనే తిక్కన భారతం రాశాడు. యజ్ఞం చేసి సోమయాజి అనిపించుకున్నవాడు, శివుడా విష్ణువా అని జనం తగువులాడుకునే కాలంలో ఇద్దర్నీ కలిపి హరిహరనాథుడికి తన పుస్తకం అంకితమిచ్చాడు. టీచరమ్మ "ఒరులేయవి యొనరించిన" పద్యం రాగం తీసి చదివింది. ఇతరులు ఏం చేస్తే నీ మనసుకు కష్టమో అది నువ్వు వాళ్ళకి చెయ్యొద్దు, ధర్మాలన్నిటికీ ఇదే గట్టి ఆధారం అని.

"బైబిల్లో మత్తయి ఏడో అధ్యాయంలో ఇదే" అంది. "కాకపోతే తేడా ఉంది అబ్బాయ్. తిక్కన చెయ్యొద్దన్నాడు. ప్రభువు చెయ్యమన్నాడు."

తేడా చిన్నదేం కాదు. చైనాలో కన్‌ఫ్యూషియస్ చెప్పిందీ తిక్కన పద్ధతిలోనే, చెయ్యొద్దని. యూదుల పెద్ద హిల్లెల్‌ని ఒకడు, నేను ఒంటికాలి మీద నిలబడేంతసేపట్లో మీ ధర్మశాస్త్రమంతా చెప్పమంటే, నీకు అసహ్యమైనది పక్కవాడికి చెయ్యొద్దు, మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే, పోయి నేర్చుకో అన్నాడట. చెయ్యొద్దంటే ఇంట్లో కదలకుండా కూర్చున్నా పాటించినట్టే. చెయ్యమంటే లేచి బయల్దేరాలి. అన్ని మతాలూ ఒకటే అని మైకుల్లో చెప్పేవాళ్ళు ఇంత దూరం ఆలోచిస్తారని నేననుకోను. ఒకటే కావు. పూలు అమ్మే ఆయన ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. అయినా ఉద్యోగం వచ్చాక అత్త హాయిగా ఇంట్లో ఉండిపోవచ్చు, అడిగేవాళ్ళెవరూ లేరు. మూడింటికి లేచి పిండి కలిపింది.

సాయంత్రం బండిలో ఆకలి మొదలైంది. నిండు రొట్టెలు నాలుగూ చెరువులోనే అయిపోయాయి. అత్త డబ్బా తెరిచి విరిగినవి పంచింది. టీచరమ్మ చెయ్యి చాపి, మళ్ళీ ఆగి, "ఇదేం రొట్టె అక్కా?" అని అడిగింది.

"ఏదీ కాదు. విరిగిన రొట్టె. తిను."

టీచరమ్మ ముక్క చేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత దాన్ని రెండుగా తుంచి సగం నాకిచ్చింది. బిట్రగుంట దాటేసరికి డబ్బా ఖాళీ.