సముద్ర నక్షత్రానికి సున్నా

రెండు మార్కుల కోసం ఇంత రాత్రివేళ కూర్చుని రాయాలా అని ఈయన అడిగారు. రాయాలి. మార్కులు రెండే కావచ్చు, జవాబు మీద అడ్డంగా గీసిన ఆ ఎర్ర గీత మాత్రం సాయంత్రం నుంచీ నన్ను వదలడం లేదు.

చిన్నదాని జువాలజీ పరీక్ష పేపరు అది. జెల్లీ చేప, వానపాము, సముద్ర నక్షత్రం, నత్త: వీటిలో ద్విపార్శ్వ జంతువులేవో (కుడి ఎడమ పక్కలు ఒకదాన్నొకటి పోలినవి) గుర్తించి కారణం రాయమన్నారు. ఇది వానపామునూ నత్తనూ రాసి, వాటి పక్కన సముద్ర నక్షత్రాన్ని కూడా చేర్చింది. "లార్వా దశలో ద్విపార్శ్వ సౌష్ఠవం ఉంటుంది, పెద్దయ్యాకే వలయ సౌష్ఠవం వస్తుంది, కాబట్టి ఇది ద్విపార్శ్వ జంతువుల వంశానికి చెందినదే" అని కారణం కూడా రాసింది. వలయ సౌష్ఠవం అంటే మధ్య నుంచి చుట్టూరా ఒకేలా ఉండటం. మొత్తం కొట్టేశారు. సరైన వానపాముకు కూడా అర మార్కు రాలేదు. కారణం చదివిన గుర్తు ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నాకు మండింది అందుకే. పిల్ల తప్పు రాస్తే కొట్టేయండి, నేనే సమర్థిస్తాను. ఆలోచించి రాసిన వాక్యం పక్కన ఒక ప్రశ్నార్థకమైనా పెట్టకుండా గీత గీసేస్తే, రేపటి నుంచి ఆ పిల్ల ఎందుకు ఆలోచించాలి?

పైగా ఈ సముద్ర నక్షత్రం విషయంలో పొరపాటు పడినవాళ్లు సామాన్యులు కారు. ఫ్రాన్సులో కువియే అంతటి జంతుశాస్త్రజ్ఞుడు జంతువులన్నిటినీ నాలుగు పెద్ద శాఖలుగా విడదీసినప్పుడు, సముద్ర నక్షత్రాన్ని జెల్లీ చేపతో కలిపి 'రేడియేటా' అనే శాఖలో పెట్టాడు. గుండ్రంగా ఉన్నవన్నీ ఒకచోట. 1835లో నార్వే శాస్త్రవేత్త మైకేల్ సార్స్ సముద్రంలో దొరికిన ఒక చిన్న ప్రాణిని చూసి, కొత్త జంతువనుకుని దానికి బిపిన్నేరియా అని పేరు పెట్టాడు. కుడి ఎడమలు స్పష్టంగా ఉన్న ప్రాణి అది. సముద్ర నక్షత్రం పిల్ల అదేనని తర్వాత గాని తేలలేదు. 1840ల్లో యోహన్నెస్ మ్యూలర్ హెలిగోలాండ్ దీవి దగ్గర సముద్రపు నీటిని సన్నని వలతో వడకట్టి, ఇలాంటి లార్వాలను ఒక్కొక్కటిగా వర్ణిస్తూ పోయాడు. ఆ దశకం ముగిసేలోగానే ల్యూకార్ట్ జెల్లీ చేపలను వేరు చేసి, సముద్ర నక్షత్రం ఉన్న ముళ్లచర్మపు జీవుల గుంపును వాటి పక్క నుంచి తప్పించాడు. అంటే చిన్నది రాసిన కారణం నూట డెబ్బై ఏళ్ల పైబడిన పాత సంగతి. నిన్నగాక మొన్న ఎవరో కనిపెట్టిన వింత కాదు.

ఆ లార్వా పెద్దదయ్యే తీరు ఎంత చిత్రంగా ఉంటుందో చెబితే గాని నాకు మనసాగదు. కుడి ఎడమలున్న ఆ చిన్న దేహంలో ఎడమ పక్కన కొత్త దేహం మొగ్గ తొడుగుతుంది. ఆ ఎడమ పక్కే చివరికి నోరు ఉన్న వైపు అవుతుంది, అంటే మనం నక్షత్రాన్ని ఇసుక మీద పెట్టినప్పుడు కిందికి ఉండే వైపు. కుడి పక్క పైకి వస్తుంది. పక్కలు పోయి పైనా కిందా మిగులుతాయి. ఇంత జరిగాక దాన్ని జెల్లీ చేపకు చుట్టం అనడం ఎలా? చుట్టరికం వెతికితే అది మనకే దగ్గర. మనం, సముద్ర నక్షత్రం ఒక కొమ్మ. బొద్దింక, వానపాము, నత్త ఇంకో కొమ్మ. 1908లో గ్రోబెన్ ఈ రెండు కొమ్మలకూ పేర్లు పెట్టాడు. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం నోరైతే ప్రోటోస్టోములు, నోరు తర్వాత వేరేచోట ఏర్పడితే డ్యూటరోస్టోములు. (ఆ గుర్తు కూడా అన్నిచోట్లా నిలవదు. ప్రయాపులిడ్ అనే సముద్రపు పురుగులు ప్రోటోస్టోముల కొమ్మకు చెందినవే, వాటి పిండంలో మాత్రం నోరు ఆ రంధ్రం నుంచి రాదని 2012లో చూపించారు. కొమ్మలు నిలిచాయి, పేర్లకు ఆధారమైన గుర్తు సడలింది.)

ఈరోజు మంచి సంగతి కూడా ఒకటి ఉంది. రొయ్యల కూర బాగా కుదిరింది, అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు. అంతే, అది అక్కడికి సరి.

రొయ్యలు శుభ్రం చేస్తున్నప్పుడే చిన్నది పేపరు తెచ్చి చూపించింది. వీపు చీల్చి నల్లదారం లాగుతున్నాను. ఆ నల్లదారం పేగు. దాన్ని నరం అంటారు అందరూ, అత్తయ్య కూడా. అసలు నాడీదండం కింద, పొట్ట వైపు ఉంటుంది. అది చేతికి తగలగానే మా డిగ్రీ ప్రయోగశాల మొత్తం కళ్ల ముందుకు వచ్చింది.

ఆ గది వాసన ఇప్పటికీ గుర్తే, ఫార్మలిన్‌తో పాటు తడిసిన చెక్క బల్లల వాసన. మైనపు పళ్లెంలో బొద్దింకను గుండుసూదులతో గుచ్చి, నీళ్లు పోసి, వీపు మీది పలకలు ఒక్కొక్కటీ తీయాలి. నా పక్క బల్ల అమ్మాయి మొదటి రోజు ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. పైన గుండె కనిపిస్తుంది, పొడుగ్గా, గదులు గదులుగా. దాని కింద పేగు. పేగును మెల్లగా పక్కకు తోస్తే, అట్టడుగున తెల్లగా మెరిసే రెండు దారాలు, మధ్యమధ్య ముడులతో. అదే నాడీదండం. మా మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ, ఎవరికి ఆ తెల్లదారం తెగకుండా కనిపిస్తే వాళ్ల దగ్గర ఆగేవారు. ఒకరోజు నా దగ్గర ఆగి, "నీ వెన్నుపాము ఎక్కడుందమ్మా?" అని అడిగారు. వీపున అన్నాను. "గుండె?" ముందు వైపు అన్నాను. "మరి ఇది తలకిందులుగా ఎందుకుంది?" అన్నారు. జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. ఆయన పద్ధతే అంత.

వారం తిరిగాక ఆయనే క్లాసులో చెప్పారు. 1822లో పారిస్‌లో జాఫ్రువా సెంతిలేర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఒక లాబ్‌స్టర్‌ను (పెద్ద రొయ్యలాంటి జీవిని) వెల్లకిలా తిప్పి బొమ్మ గీయించాడు. అలా తిప్పగానే నాడీదండం పైకి, పేగు మధ్యకు, గుండె కిందికి వచ్చి, దేహం లోపలి అమరిక వెన్నెముక ఉన్న జంతువుల అమరికలాగే కనిపించింది. కువియే ఒప్పుకోలేదు. నాలుగు శాఖలకూ మధ్య పోలికే లేదన్నది ఆయన వాదం. 1830లో విజ్ఞాన అకాడమీలో ఇద్దరూ అందరి ముందూ వాదించుకున్నారు, గెలుపు కువియేదే అన్నారు. తర్వాత శతాబ్దంన్నర పాటు లాబ్‌స్టర్ బొమ్మ ఒక విపరీతపు ఊహగానే మిగిలింది. 1990ల్లో పిండదశ జన్యువులు చూసేసరికి కథ తిరగబడింది. కప్ప పిండంలో వీపు వైపు పనిచేసే కార్డిన్ అనే జన్యువు, ఈగ పిండంలో పొట్ట వైపు పనిచేసే సాగ్ అనే జన్యువు ఒకే మూలానివి. ఈగది తీసి కప్ప పిండంలో పెడితే అక్కడా పనిచేసింది. నాడీమండలం ఎటు ఏర్పడాలో నిర్ణయించే ఏర్పాటు ఒక్కటే, ఒక వంశంలో అది పైకి కిందికి తారుమారైంది. మాస్టారు ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు వణికింది. పాఠం చెబుతూ ఒక మనిషి అంతగా కదిలిపోవడం నేను మళ్లీ చూడలేదు.

మరి ఈ కాలేజీలో ఇస్తున్నదేమిటి? గోడకు అంటించే ఒక నిచ్చెన బొమ్మ. సాయంత్రం చిన్నదాని పుస్తకంలో మడిచి పెట్టిన నకలు చూశాను. అడుగు మెట్టు మీద శరీరకుహరం (పేగు చుట్టూ ఉండే ఖాళీ) లేని బద్దెపురుగులు, దానిపై మెట్టులో మిథ్యాకుహరం ఉన్న ఏలికపాములు, ఆ పైన నిజకుహరం ఉన్న వానపాము, దాన్ని ఆనుకునే బొద్దింక, ఎందుకంటే రెండింటి దేహాలూ ఖండాలుగా విభజించి ఉంటాయి. ఆ వరుసలో కువియే ఇప్పటికీ పరిపాలిస్తున్నాడు. వానపామునూ కీటకాలనూ ఖండాలను బట్టి ఒక్క శాఖలో కట్టింది ఆయనే.

1997లో ఆ కట్టు తెగింది. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోముకు చెందిన ఒక జన్యువును రకరకాల జంతువుల్లో పోల్చి చూస్తే ఏలికపాము వెళ్లి బొద్దింక పక్కన నిలబడింది. రెండూ కుబుసం విడిచి పెరిగేవి. ఆ గుంపుకు ఎక్డైసోజోవా అని పేరు పెట్టారు. వానపాము బొద్దింకను వదిలి నత్తల వైపు వెళ్లింది. బద్దెపురుగులు కూడా ఆ వైపే చేరాయి. అంటే కుహరం లేకపోవడం వెనకబాటు కాదు, ఉన్నదాన్ని పోగొట్టుకుని ఉండవచ్చు. మెట్టు అనేదే లేదు. చిన్నది పుట్టక ముందే తేలిన సంగతి ఇది, అయినా దానికి నిచ్చెన బట్టీ పట్టిస్తున్నారు. బట్టీ పట్టకపోతే మార్కులు రావు.

ఇక్కడిదాకా రాసి, లెక్చరరుకు ఘాటుగా ఒక ఉత్తరం రాయాలని కూర్చున్నాను. రెండు వాక్యాలు రాశాక చెయ్యి ఆగింది.

ఆ మాస్టారే ఇంకో మాట అనేవారు. రికార్డులో కంటికి కనిపించింది గీయాలి, తెలిసింది కాదు. పుస్తకంలో ఉందని నాడీముడి ఒకటి అదనంగా గీస్తే పేజీ చింపించేవారు. ఆ లెక్కన చూస్తే సముద్ర నక్షత్రాన్ని చేతిలో పెట్టుకున్న పిల్లకు కనిపించేది అయిదు చేతులే. కుడి ఎడమలు ఎక్కడున్నాయి? జన్యువులు పోల్చి గీసిన వంశవృక్షాన్ని మనం నమ్మాలి, చూడలేం. ఆ చెట్టు కూడా స్థిరంగా లేదు. స్వీడన్ తీరాన బురదలో దొరికే జీనోటర్బెల్లా అనే పురుగు సంగతే చూడండి. నోరుంది, మలద్వారం లేదు. 1949లో వర్ణించారు. 1997లో దాని డీఎన్ఏ చూసి నత్తలూ ఆల్చిప్పలూ ఉన్న వర్గం అన్నారు, అది తిన్న ఆల్చిప్పల డీఎన్ఏ అని తర్వాత తెలిసింది. 2003లో మన కొమ్మలో చేర్చారు. 2016లో, కాదు, మిగతా ద్విపార్శ్వ జంతువులన్నిటికంటే ముందే విడిపోయిన శాఖ అన్నారు. 2019లో మళ్లీ సముద్ర నక్షత్రం పక్కకే తెచ్చారు. పరీక్ష కోసం చదివే పిల్లకు ఇదంతా చెప్పి, ఏది రాయమంటాం? కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టడంలో న్యాయం ఉంది. లెక్చరరు మీద కోపం తగ్గింది, నిజంగానే తగ్గింది.

తగ్గి, నీళ్లు తాగి వచ్చి, పేపరు మళ్లీ చూశాను. నత్త.

నత్త సరైన జవాబట! కంటికి కనిపించేదే కొలమానమైతే నత్తకు కుడి ఎడమల పోలిక ఎక్కడుంది? గుల్ల ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది. లోపలి అవయవాలు పెరిగే దశలోనే నూట ఎనభై డిగ్రీలు తిరిగి, మలద్వారం తల మీదికి వస్తుంది. చాలా నత్తల్లో ఒక పక్క మొప్పే ఉండదు. అయినా దాన్ని ద్విపార్శ్వ జంతువు అన్నారు, ఎందుకంటే దాని వర్గం అటువంటిది, దాని పూర్వీకులు అటువంటివారు. అంటే నత్తకు వంశం చూశారు, సముద్ర నక్షత్రానికి ముఖం చూశారు. ఒకే ప్రశ్నలో రెండు కొలతలు. చిన్నది రెండింటికీ వంశమే చూసింది. నిలకడగా ఆలోచించింది అదే.

పడుకోబోతూ చిన్నది అడిగింది: "అమ్మా, అయితే సముద్ర నక్షత్రానికి తల ఏది?" 2023లో వచ్చిన పరిశోధన గుర్తొచ్చి చెప్పాను. మిగతా ద్విపార్శ్వ జంతువుల్లో తలను రూపొందించే జన్యువులు దాని చర్మంలో చేతుల పొడుగునా పనిచేస్తున్నాయి, మొండేన్ని రూపొందించేవి ఆ చర్మంలో దాదాపు కనిపించలేదు. "అంటే మొత్తం తలేనా?" అంది. దాదాపు అంతే అన్నాను. లేచి కూర్చుని, రేపు లెక్చరరును తానే అడుగుతానంది. అడగనీ. మార్కుల గురించి నేను ఒక్క మాట రాయను, అది దాని పోరాటం.

ఉత్తరం మాత్రం రాస్తున్నాను, నిచ్చెన బొమ్మ గురించి. దాన్ని గోడ మీద నుంచి తీసేయమని, ఏలికపామును బొద్దింక పక్కన, బద్దెపురుగును వానపాముకూ నత్తకూ దగ్గరగా పెట్టి కొత్తది గీయించమని. గీసే మనిషి దొరకకపోతే నేనే గీసి ఇస్తానని కింద రాశాను. ఈయన నిద్రపోయారు గానీ, చార్టు కాగితం తెమ్మని రేపు పొద్దున చెప్పాలి.