ఉల్లిపాయలు అమ్మి పోగేసిన టికెట్ డబ్బులు

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చినా ఇవాళ నిద్ర పట్టలేదు. కాంగో డాక్టర్ డెనిస్ ముక్వేగే గురించి చదువుతూ కూర్చున్నాను.

బుకావులో 1999లో పాంజీ ఆసుపత్రి పెట్టారాయన. కాన్పులో తల్లులు చనిపోకూడదన్నది ఆయన తపన. కానీ మొదటి పేషెంటు కాన్పుకి రాలేదు. అత్యాచారం చేసి, తుపాకీతో కాల్చేశారు ఆమెని. తర్వాత వేల మంది వచ్చారు. ఫిస్టులా అయి, అంటే మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి, మూత్రం ఆగకుండా కారుతుంటే, వాసన వస్తోందని అయినవాళ్లే దూరం పెట్టిన వాళ్లు కూడా. పాంజీలో ఆపరేషన్‌తో వదిలేయరు. మనసు కుదుటపడేదాకా తోడుంటారు, కోర్టుకెళ్తానంటే సాయం చేస్తారు, బతుకుతెరువు చూపిస్తారు.

గైనిక్ వార్డులో నర్సుని నేను. మామూలు పరీక్షకే దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి పట్టుకునే వాళ్లని రోజూ చూస్తాను. "అమ్మా, చెయ్యి వెయ్యనా?" అని అడిగితే ఆ పిడికిలి కొంచెం వదులవుతుంది. మరి అక్కడి వాళ్లకి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో!

2012లో ఆయన ఇంటి మీద దాడి జరిగింది. కాపలా మనిషి చనిపోయాడు. డాక్టరుగారు కుటుంబంతో దేశం వదిలారు. అప్పుడు ఆ ఆడవాళ్లు అనాసపళ్లు, ఉల్లిపాయలు అమ్మి ఆయన తిరుగు టికెట్‌కి డబ్బులు పోగేశారు. 2013 జనవరిలో ఆయన వచ్చేశారు. 2018లో నోబెల్ శాంతి బహుమతి కూడా వచ్చింది, ఇరాక్‌లో ఐసిస్ చెర నుంచి బయటపడిన యాజిదీ యువతి నాదియా మురాద్‌తో కలిపి.

నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగింది ఆ ఉల్లిపాయల దగ్గరే.