బేస్‌మెంట్‌ను చట్టబద్ధమైన అద్దె ఇల్లుగా మార్చుకోవడం: బ్రాంప్టన్‌లో నా అనుభవం

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో సొంత ఇంటి బేస్‌మెంట్‌ను అద్దె ఇల్లుగా మార్చుకోవడానికి ఒకప్పుడున్నంత జోనింగ్ చిక్కు, అంటే ఏ స్థలంలో ఏమి కట్టవచ్చో చెప్పే నగర నియమాల చిక్కు, ఇప్పుడు లేదు. 2022లో వచ్చిన బిల్ 23 అనే రాష్ట్ర చట్టంతో, నగరపు నీటి, మురుగు కనెక్షన్లున్న నివాస స్థలాల్లో చాలావాటికి ఒక్కో స్థలంలో మూడు ఇళ్ల వరకు కట్టుకునే వీలు కలిగింది. అంటారియోలోని బ్రాంప్టన్ నగరంలో ఉన్న మా ఇంటి బేస్‌మెంట్‌ను అద్దెకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాక, భవన నిర్మాణ నియమావళి అయిన బిల్డింగ్ కోడ్ అడిగేవన్నీ ఆ గోడల మధ్య ఇముడుతాయా లేదా అన్నదే మా అసలు ఆలోచన అయింది.

మొదట మాట్లాడిన కాంట్రాక్టర్ మన తెలుగువాడే. "పర్మిట్ గొడవ మనకెందుకండీ, ఓ కిచెన్ పెట్టించి అద్దెకిచ్చేయండి, ఎవరు అడుగుతారు?" అన్నాడు. ఎవరూ అడగకపోవచ్చు. కానీ అనుమతి లేని బేస్‌మెంట్‌లో మనుషులుండగా నిప్పు అంటుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీ తప్పక అడుగుతుంది, అంతకంటే ముందు మన మనస్సాక్షి అడుగుతుంది. ఆయనకు నమస్కారం చెప్పి, బీసీఐఎన్, అంటే అర్హత ఉన్న బిల్డింగ్ డిజైనర్లకు అంటారియోలో ఇచ్చే గుర్తింపు నంబరు, ఉన్న డిజైనర్‌ను పెట్టుకున్నాము. సొంత ఇంటికి యజమాని తానే ప్లాన్లు గీసుకోవచ్చు. అయితే ఇప్పుడున్న ఇంటి కొలతలు, మారబోయే ఇంటి కొలతలు, గోడల అడ్డుకోతలు అన్నీ విడివిడిగా చూపించాలి కాబట్టి ఆ పని తెలిసినవారికి అప్పగించడమే మేలని నాకనిపించింది.

డిజైనర్ టేపు తీసి ముందుగా కొలిచింది సీలింగ్ ఎత్తును. మా ఇల్లు కట్టి ఐదేళ్లు దాటింది కాబట్టి పాత ఇళ్లకు వర్తించే సడలింపులు మాకు దక్కాయి. వాటి ప్రకారం గదుల్లోను, బయటికి వెళ్లే దారిలోను 1.95 మీటర్ల ఎత్తు ఉంటే చాలు. ఆ ఎత్తును పూర్తయిన నేల నుంచి పూర్తయిన సీలింగ్ వరకు కొలుస్తారు. నేల మీద వేసే పలకలు, పైన బిగించే చానెళ్లు, జిప్సం బోర్డు, ఇవన్నీ తలా కాస్త తినేస్తాయి. చూడచక్కని మందపాటి ఫ్లోరింగ్ వేయించాలన్న మా ఆవిడ ముచ్చట అక్కడే ఆగిపోయింది.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది పడకగది కిటికీ. మంటలు మెట్లను కమ్మేస్తే లోపలి మనిషి ఆ కిటికీ గుండానే బయటపడాలి. అందుకని అది తెరిచినప్పుడు అడ్డులేని ఖాళీ కనీసం 0.35 చదరపు మీటర్లు ఉండాలి, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఒక వైపు 380 మాత్రమే ఉంటే, రెండో వైపు దాదాపు 921 మిల్లీమీటర్లు కావాలి. ఇక్కడ లెక్కకు వచ్చేది అద్దం వైశాల్యం కాదు, తెరుచుకునే భాగం. పక్కకు జరిపే కిటికీలో సగమే తెరుచుకుంటుంది కాబట్టి చూడటానికి పెద్దగా ఉన్నది కూడా చాలకపోవచ్చు. మేము తలుపులా తెరుచుకునే రకం తీసుకున్నాము. కిటికీ నేలమట్టానికి కింద ఉన్నందున బయట గొయ్యి తవ్వించి, కిటికీ ముందు 550 మిల్లీమీటర్ల జాగా వదిలించి, అడుగున కంకర పోయించి, వాన నీరు పునాది చుట్టూ ఉన్న డ్రెయిన్‌లోకి పోయేలా చేయించాము. తవ్వకానికి ముందు, భూమిలోని లైన్లను గుర్తింపజేసే అంటారియో వన్ కాల్ సంస్థకు చెప్పడం తప్పనిసరి. గ్యాస్, కరెంటు లైన్లు ఎటు పోతున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టించి వెళ్తారు. కాంక్రీటు గోడను కోసిన రోజున నీళ్లు చల్లుతూనే కోసినా, బూడిదరంగు బురద నేలంతా పారి, పై అంతస్తులో గిన్నెలు సైతం అదిరాయి.

తర్వాతిది రెండు ఇళ్ల మధ్య, అంటే పైన మా ఇంటికీ కింది బేస్‌మెంట్‌కూ మధ్య, నిప్పును ఆపే అడ్డు. మామూలుగా 30 నిమిషాలు తట్టుకునేలా ఉండాలి. రెండు ఇళ్లలోని పొగ అలారాలు ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపితే, పాత ఇళ్లలో సీలింగ్‌కు 15 నిమిషాలకు కూడా ఒప్పుకుంటారు. మేము అలారాలను కలిపించి కూడా నిప్పును ఎక్కువసేపు తట్టుకునే 15.9 మిల్లీమీటర్ల టైప్ ఎక్స్ జిప్సం బోర్డునే వేయించాము. పిల్లలు పైన గెంతితే కిందివాళ్లకు శబ్దం తగ్గుతుందన్నది మా స్వార్థం. బోర్డు బిగించడం సులువే, దానికి పడే రంధ్రాలతోనే తంటా. పైపు వెళ్లిన చోటు, వైరు దిగిన చోటు, బాత్రూమ్ ఫ్యాన్ చుట్టూ, ప్రతి సందునూ నిప్పును ఆపే సీలెంటుతో పూడ్చాలి. ఫర్నేస్ ఒకటే రెండు ఇళ్లకూ వేడి గాలి ఇస్తుంది కాబట్టి ఆ గాలి వెళ్లే గొట్టమైన డక్ట్‌లో పొగ డిటెక్టర్ పెట్టాలి. అది మోగిన మరుక్షణం ఫర్నేస్‌కు గ్యాసూ కరెంటూ రెండూ ఆగిపోతాయి. లేకపోతే కింద పుట్టిన పొగను ఫ్యానే మోసుకెళ్లి పైన పిల్లల గదుల్లో వదులుతుంది. మా వంటింట్లో తాలింపు వేస్తే బేస్‌మెంట్‌లో తుమ్ములు వినిపించే ఇంట్లో ఈ సంగతి వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

తనిఖీల విషయంలో ఒక్క నియమం గట్టిగా పట్టుకోవాలి: ఇన్‌స్పెక్టర్ చూడనిదేదీ మూయకూడదు. నేల కింది మురుగు పైపులు కాంక్రీటు పోయకముందు, ఫ్రేమింగ్‌నూ ఇన్సులేషన్‌నూ జిప్సం బోర్డు బిగించకముందు చూపించాలి. పని త్వరగా తెమల్చాలన్న ఆత్రం కూలీలకు సహజం. బోర్డుల కట్టలు దిగగానే వాళ్లు డ్రిల్ అందుకుంటారు. ఆ సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి నేరుగా బేస్‌మెంట్‌లోకే దిగేవాణ్ణి. కరెంటు పని మాత్రం నగరం పరిధిలోకి రాదు. దానిని ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ వేరుగా తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. నగరం ఆఖరి తనిఖీకి వచ్చేనాటికి ఆ కాగితం చేతిలో ఉండేలా ముందే చూసుకున్నాము.

బ్రాంప్టన్‌లో తనిఖీలన్నీ ముగిసి నగరం పర్మిట్ మూసేయడంతో పని అయిపోదు, రెండో ఇంటిని నగరం వద్ద నమోదు చేయించుకోవాలి. అదీ అయ్యాక ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ చేసి అద్దెదారులుంటారని పాలసీలో రాయించాను, ప్రీమియం పెరిగింది. అద్దె ఒప్పందానికి 2018 ఏప్రిల్ 30 నుంచి అంటారియోలో ప్రభుత్వ నమూనా ఫారమే తప్పనిసరి కాబట్టి దానినే నింపాము. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక జంట గుంటూరు నుంచి వచ్చి చేరింది. తాళాలు ఇచ్చే ముందు వాళ్లిద్దరి చేత పడకగది కిటికీని ఒకసారి తెరిపించి, గొయ్యిలోంచి పైకి ఎక్కించి చూశాను. ఆ అమ్మాయి నవ్వుతూనే ఎక్కింది, అబ్బాయి మోకాలు గీసుకున్నాడు.